పడమటి క్యాంపు

అబుదాబి శివార్లలో మఫ్రఖ్ బ్రిడ్జి దాటగానే మా ఆయన పికప్‌ని పక్కకి ఆపించారు. "ఇప్పటికీ మించిపోయింది లేదు హైమా. వెనక్కి తిప్పమంటావా?" అని అడిగారు.

అలా అడగడం ఎన్నోసారో ఆయనకే తెలియదు. నా ఒళ్ళో ఆరేళ్ళ నిఖిత నిద్రపోతోంది. కాళ్ళ సందున మిక్సీ ఉంది. వెనకాల గ్యాసు సిలిండరు, బియ్యం బస్తా, ఇనప మంచం, ప్లాస్టిక్ కుర్చీలు, దుప్పట్లో చుట్టిన దేవుడి పటాలు. ఇంత సరంజామాతో ఇల్లు ఖాళీ చేసి బయల్దేరిన ఆడదాన్ని పట్టుకుని వెనక్కి పోదామా అని అడిగే మనిషిని ఏమనాలి? డ్రైవరు లచ్చన్న వైపు తిరిగి, "పోనియ్యి తమ్ముడూ" అన్నాను.

లచ్చన్నది జగిత్యాల దగ్గర పల్లె. అద్దంలోంచి మా ఆయన్ని ఓసారి చూసి, "అక్క చెప్పినంక ఇగ నేనాగ సారూ" అని గేరు వేశాడు.

అది 2005 నవంబరు. మా ఆయన రామచంద్రరావు సర్వేయరు. నీళ్ళ పైపులైన్లు వేసే కంపెనీలో ఉద్యోగం. పని మాత్రం దేశానికి పడమటి కొసన, రువైస్ దాటి ఇంకా లోపలికి వెళ్ళాక, ఇంకా పేరు కూడా పెట్టని చోట. అక్కడ పంపింగ్ స్టేషను కడుతున్నారు. మగవాళ్ళంతా సైటు క్యాంపులో ఉండాలి, పెళ్ళాం పిల్లలుంటే అబుదాబి పక్కనున్న ముసఫ్ఫాలో పెట్టుకోవాలి. అదీ పద్ధతి. ఏడాదిపాటు నేనూ ఆ పద్ధతి ప్రకారమే ఉన్నాను. రెండు వారాలకోసారి గురువారం సాయంత్రం ఆయన వచ్చేవారు, శుక్రవారం సాయంత్రం వెళ్ళిపోయేవారు. ఒక గురువారం ఆయన వచ్చి ఇంకా చెప్పులు విప్పనేలేదు, నిఖిత ఆయన బ్యాగు తీసుకెళ్ళి గుమ్మం పక్కన జాగ్రత్తగా నిలబెట్టింది. ఎందుకమ్మా అని అడిగితే, "వెళ్ళేటప్పుడు వెతుక్కోకుండా" అంది. పిల్ల చాలా మర్యాదగా అంది.

మర్నాడు ఆయన బయల్దేరుతుంటే, "మేమూ వచ్చేస్తాం" అన్నాను.

"అక్కడేముందనుకుంటున్నావ్? ఇసక."

ఇసకని చూసి జడుసుకునే వంశం కాదు మాది. మా తాతయ్యవాళ్ళు గుంటూరు జిల్లా నుంచి ఎడ్లబళ్ళు కట్టుకుని పడమటికి, తుంగభద్ర కాలవ కిందికి పోయినప్పుడు అక్కడా తుమ్మచెట్లూ తేళ్ళూ తప్ప ఏమీ లేవట. అడవి కొట్టుకుని, మళ్ళు కట్టుకుని, చివరికి బడి కూడా వాళ్ళే పెట్టుకున్నారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల మా ఊళ్ళని ఊళ్ళనరు, క్యాంపులంటారు. ఒక క్యాంపులో పుట్టినదాన్ని ఇంకో క్యాంపుకి వెళ్ళడానికి ఎందుకు భయపడతాను?

సైటుకి పెద్ద ఒక సూడాన్ పెద్దమనిషి. అరబ్బీలో మేనేజరుని ముదీర్ అంటారు, అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. నా కోరిక విని ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడట. క్యాంపుకి కాస్త ఎడంగా, ఫ్యామిలీల కోసమని దించిన ఆరు పోర్టా క్యాబిన్లు వరసగా ఖాళీగా పడున్నాయి. ఎవరూ రాలేదు కాబట్టి వాటికి నీళ్ళ లైను వెయ్యలేదు. నీళ్ళ లైను లేదు కాబట్టి ఎవరూ రాలేదు. "ఉండండి. కానీ ఏప్రిల్లో మీ ఇండియన్ స్కూళ్ళు తెరుస్తారు. అప్పటికి పిల్లకి బడి దారి చూపించకపోతే ఖలాస్, వాపస్ ముసఫ్ఫా" అన్నాడు. బడి రువైస్‌లో ఉంది. అంత దూరం బస్సు పంపాలంటే కనీసం ఐదుగురు పిల్లలుండాలని స్కూలువాళ్ళు తేల్చి చెప్పారు. మాకున్నది ఒక్కర్తి.

మిగతా నలుగుర్నీ ఎక్కణ్ణుంచి తేవాలో తెలియకుండానే నేను పికప్ ఎక్కాను.

*

మొదటి వారమంతా ఇసక ఊడ్చుకోవడంతోనే సరిపోయింది. పక్కలో ఇసక, పోపుల పెట్టెలో ఇసక, పిల్ల చెవుల్లో ఇసక. పొద్దున్నే ట్యాంకరు వచ్చి గుమ్మం పక్కన ప్లాస్టిక్ పీపాలో నీళ్ళు నింపి పోయేది. ఆ ఉప్పునీళ్ళు వాడకానికి, సీసా నీళ్ళు తాగడానికి. బకెట్లు మోసి మోసి నా భుజాలు లాగేసేవి. ఆ మాట మా ఆయనతో అనలేదు. అంటే వెనక్కి తిప్పుతానని మళ్ళీ మొదలుపెడతారు.

ఆయన మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేవారు. మొదట్లో నిఖిత తలుపు వెనక నిలబడి చూసేది. మూడో వారానికి ఆయన కొలత టేపు ఒక కొస పట్టుకుని, రెండో కొస ఆయన చేత పట్టించి, ఇంటి చుట్టూ కొలతలు వేస్తోంది. మంచం ఎంత, గుమ్మం ఎంత, నాన్న మీసం ఎంత అని అడిగేది. ఆయన తినడం మానేసి కొలతలు చెప్పేవారు. అయినా సాయంత్రానికి, "మార్చి దాకా చూద్దాంలే" అనడం మాత్రం మానలేదు.

ఆ చుట్టుపక్కల నాతో తెలుగు మాట్లాడే ఆడమనిషి ఒక్కతే ఉంది, క్యాంపు క్లినిక్‌లో నర్సు దయాకుమారి. పాలకొల్లు వైపు మనిషి. ఆమె భర్త ఆనందకుమార్ ఖోర్ ఫక్కాన్ పోర్టులో పనిచేస్తాడు. అంటే దేశానికి ఆ చివర సముద్రం ఒడ్డున ఆయన, ఈ చివర ఇసకలో ఈవిడ. పిల్లలు ప్రభుకిరణ్, హెప్సీ తండ్రి దగ్గరే ఉంటారు. ఈవిడ నెలకోసారి మూడు బస్సులు మారి వెళ్ళి చూసొచ్చేది.

"పిల్లల్ని ఇక్కడికి తెచ్చుకోకూడదా దయా?" అని వెళ్ళిన వారానికే అడిగాను.

"ఇక్కడికా? ఏవండోయ్, మీకేమైనా ఒంట్లో బాగోలేదా? బీపీ చూస్తాను, ఇలా కూర్చోండి" అంది.

రెండో మనిషి పైపుల ఫోర్‌మన్ జిలానీ బాషా. ఊరు జమ్మలమడుగు. శుక్రవారాలు మా ఇంట్లో పప్పన్నం తిని, ఊళ్ళో ఉన్న భార్య రహమతున్నీసాని తలుచుకుని కళ్ళు తుడుచుకునేవాడు. ఆయనకీ ఇద్దరు పిల్లలు. ఈ రెండిళ్ళూ కదిలితే బస్సు వచ్చేసినట్టే. లెక్క నాకు సులువుగానే ఉంది. మనుషులే కదలరు. "యాడికి పిలిపిచ్చేది వదినా? బకెట్టు చేతికిచ్చి ట్యాంకరు కాడికి పొమ్మనేదా? మా యమ్మి రాదు" అని బాషా తలూపేవాడు. అందరి దగ్గరా తిరిగి తిరిగి మాట చివరికి నీళ్ళ దగ్గరే ఆగేది. ముదీర్‌ని అడిగితే, మనుషులొస్తే లైను వేస్తానంటాడు.

*

ధనుర్మాసం వచ్చింది. ముగ్గు లేని వాకిలి చూస్తే నాకు ఇల్లు ఇంకా మనది కాదనిపిస్తుంది. కానీ ఇసకలో ముగ్గు నిలుస్తుందా? లచ్చన్నని పిలిచి, మట్టి దిమ్మిస కొట్టే మిషను తెమ్మన్నాను.

"ఏందక్కా, వాకిలికి గూడ మిషనా? రోడ్డేస్తున్నమా?" అన్నాడు గానీ తెచ్చాడు. నేను ఉప్పునీళ్ళు చల్లుతుంటే అతను దడదడలాడిస్తూ కొట్టాడు. ఆ ఉప్పుకి ఇసక గట్టిపడి, ఎండేసరికి సిమెంటు గచ్చులా తయారైంది. "కళ్ళాపి జల్లుతవా? ఒంటె పెండ దెమ్మంటె దెస్త" అని ఆశగా అడిగాడు. వద్దులే నాయనా అన్నాను.

ఇక ముగ్గుపిండి. మా ఆయన ఎక్కడ గుంత తవ్వాలో మనుషులకి తెలియడానికి నేలమీద తెల్లటి సున్నం పొడితో గీతలు గీయిస్తారు. ఆ సంచీ ఒకటి మా క్యాబిన్ వెనకే ఉండేది. సన్నగా, తెల్లగా, వేళ్ళ సందుల్లోంచి జారితే తీగలా సాగేది. ఇంత మంచి పిండి మా ఊళ్ళో కూడా దొరకదు. రోజూ గుప్పెడు తీసుకునేదాన్ని. మా ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

సంక్రాంతి పండగకని అక్కడ సెలవేమీ ఇవ్వరు. ఆఖరి రోజున మా వైపు రథం ముగ్గు వేస్తారు. రథం వేసి, దాని తాడుని పక్కింటి రథం దాకా గీసి కలుపుతారు. పక్కింటావిడ ఆ పక్కింటికి కలుపుతుంది. అలా వీధంతా కలిసి దేవుణ్ణి సాగనంపినట్టు. ఆ తెల్లవారుజామున విపరీతమైన పొగమంచు. ఆయన పనికి వెళ్ళగానే చక్రాలతో సహా పెద్ద రథం వేశాను. తాడు మొదలుపెట్టి మా వాకిలి చివరిదాకా గీశాక చెయ్యి ఆగింది. పక్కింటి ముందు ముగ్గు లేదు, మనిషి లేదు. నాకు దుఃఖమొచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది. సంచీ చంకనెత్తుకుని ఆరు క్యాబిన్ల పొడుగునా, ప్రతి గుమ్మానికీ ఒక పాయ తగిలిస్తూ, తాడు గీసుకుంటూ పోయాను. అటు చివర క్యాంపు నీళ్ళ ట్యాంకు కట్టిన దిమ్మ అడ్డొస్తే అక్కడ ఆపి, ఇంట్లోకొచ్చి తలారా స్నానం చేసి, పాయసం పొయ్యిమీద పెట్టాను.

సేమ్యా ఉడుకుతుండగా నేల అదిరింది. బయట ఏదో పెద్ద మిషను గుర్రుమంటోంది. క్యాంపులో ఎప్పుడూ ఏదో ఒకటి గుర్రుమంటూనే ఉంటుంది కదా అని పట్టించుకోలేదు. పాయసం దించి, దేవుడికి పెట్టి, పిల్లకి జడ వేసి తలుపు తీశాను.

నా తాడు లేదు. తాడున్న చోట ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడుంలోతు గుంత ఉంది. ప్రతి గుమ్మానికీ ఒక పిల్లగుంత. పని పూర్తి చేసిన తవ్వే మిషను మీంచి దిగి, పఠాన్ ఆపరేటర్ షేర్ గుల్ నా రథం దగ్గర తలగోక్కుంటూ నిలబడ్డాడు. నన్ను చూసి ఎంతో వినయంగా, "భాభీజీ, లైన్ తో హో గయా. యే దో గోల్ క్యా హై? మ్యాన్‌హోల్?" అని రథచక్రాలు చూపించాడు.

జరిగిందేమిటంటే, క్యాంపు వెనక కేబుల్ కోసం మా ఆయన గీయించిన తెల్లగీత వెంట తవ్వమని జిలానీ బాషా అతన్ని పంపాడు. మంచులో అతనికి మొదట కనపడిన తెల్లగీత నాది.

ఆ రోజే పని చూడ్డానికి హెడ్ ఆఫీసు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు, ముదీర్ తెల్లారకముందు నుంచే సైటులో తిరుగుతున్నాడు. తవ్వాల్సిన చోట తవ్వలేదు, అక్కర్లేని చోట ఇంత గుంత. సర్వేయరు గీత తప్పు గీశాడంటే ఇంక అతన్ని ఏ సైటూ నమ్మదు. పిల్లకి బడి మాట దేవుడెరుగు, తండ్రికి ఉద్యోగమే ఉండదు.

కాసేపటికే అందరూ వచ్చేశారు. బాషా మొహం పాలిపోయింది. మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి, గుంత చూశారు, రథం చూశారు, నన్ను చూశారు. చప్పున నా దగ్గరకొచ్చి, "నువ్వు పిల్లని తీసుకుని లోపలికి వెళ్ళు. మార్కింగ్ నాదే అని చెప్తాను" అన్నారు గొంతు తగ్గించి.

అంతలో ముదీర్ జీపు దిగాడు. మా ఆయన నోరు తెరిచేలోపే నేను గుంత పక్కనుంచి నడిచి వెళ్ళి ఆయనకి ఎదురుగా నిలబడ్డాను. నా ఇంగ్లీషూ ఆయన ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపడా అవుతుంది.

"గీత నేను గీశాను సార్. మా ఆయనకి తెలియదు."

"ఏమిటి మదామ్ ఇది?"

"ఇది రథం. ఈ గుంత దాని తాడు. పండగ చివరి రోజున మా దగ్గర ప్రతి ఇంటి ముందూ గీస్తారు. ఒకరి తాడు ఇంకొకరి ఇంటిదాకా గీసి కలుపుకుంటారు."

ఆయన వరసగా ఉన్న క్యాబిన్లవైపు చూశాడు. తలుపుల మీద ఇసక పేరుకుని ఉంది. "ఇక్కడ పక్కింట్లో ఎవరూ లేరు కదా."

"లేరు సార్. వస్తారు. వాళ్ళ వాటా కూడా నేనే గీశాను."

ముదీర్ గుంత అంచున నడుచుకుంటూ చివరి క్యాబిన్ దాకా వెళ్ళాడు, ట్యాంకు దిమ్మ దగ్గర ఆగాడు, అలాగే నడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"బాషా, దీన్ని పూడ్చడానికి మనిషి కావాలా?"

"కావాల ముదీర్."

"పైపు వేసి పూడ్చడానికి?"

"దానికీ మనిషే గదా ముదీర్."

"యల్లా. పైపు వేసి పూడ్చు." జీపెక్కబోతూ మా ఆయన వైపు తిరిగి, "ఇంజనీర్, సున్నం సంచీకి తాళం వెయ్యి" అన్నాడు.

జీపు వెళ్ళిపోయాక మా ఆయన గుంత అంచున కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నారు. ఏడుస్తున్నారేమోనని కంగారుగా దగ్గరికి వెళ్ళాను. భుజాలు ఊగిపోతున్నాయి. నవ్వుతున్నారు. "మ్యాన్‌హోలట, మ్యాన్‌హోలు" అంటూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ క్యాంపుకి వచ్చాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. ఆ సాయంత్రం తన పని అయ్యాక పార తీసుకుని బాషా మనుషులతో పాటు ఆయనా గుంతలోకి దిగారు.

*

కుళాయి తిప్పితే నీళ్ళు రావడం ఎంత గొప్ప విషయమో బకెట్లు మోసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. దయాకుమారి డ్యూటీ బట్టల్లోనే పరిగెత్తుకొచ్చి, పక్క క్యాబిన్‌లో కుళాయి తిప్పింది, కట్టేసింది, మళ్ళీ తిప్పింది. ఆ తర్వాత బీపీ మాట ఎత్తలేదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఆనందకుమార్ పిల్లల్ని తీసుకుని వచ్చాడు. మనిషి మంచివాడే, కానీ చూసిన ప్రతిదానికీ పెదవి విరుస్తాడు. వెనకాల బట్టలుతికిన నీళ్ళు పారించి నేను వేసిన తోటకూర మడిని చూసి, "ఇసకలో తోటకూరా! పర్లేదు చెల్లెమ్మా, పట్టుదలే. అయినా ఖోర్ ఫక్కాన్‌లో కొండలున్నాయి, సముద్రముంది, చర్చి దగ్గర. ఇక్కడేముంది పిల్లలకి?" అన్నాడు తోటకూర పప్పు మారు వడ్డించుకుంటూ.

నేను నోరు తెరవబోయాను. దయాకుమారి నా చెయ్యి నొక్కింది.

"ఇక్కడ వాళ్ళమ్మ ఉందండి" అంది. గొంతు పెంచలేదు. "ఇన్నేళ్ళూ నెలకోసారి నేను వచ్చాను. మూడు బస్సులు మారాను, వాంతులు చేసుకుంటూ కూడా వచ్చాను. ఇకమీదట మీరు రండి. పిల్లల్ని నేనుంచుకుంటాను. బస్సుల టైములు నాకు నోటికొచ్చు, చెప్తాను."

ఆనందకుమార్ పప్పు కలపడం ఆపి భార్య మొహం చాలాసేపు చూశాడు. వాళ్ళిద్దరి మధ్యా ఎన్నాళ్ళ మాటలు దాగున్నాయో నాకెలా తెలుస్తుంది? చివరికి, "పిల్లలకి ఇక్కడ ఎండ పడుతుందా?" అని మాత్రం అడిగాడు. ఒప్పుకున్నాడని నాకప్పుడు అర్థమైంది. కొత్త క్యాబిన్‌లో ఆయనే దగ్గరుండి ప్రార్థన చేయించి, కన్నీళ్ళు పెట్టుకుని వెళ్ళాడు.

రహమతున్నీసాని ఫోన్లో పట్టుకున్నాను. బాషా కార్డు గీకి నంబరు కలిపి నా చేతికిచ్చి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు, అవతల నుంచి తిట్లేమైనా వస్తే నాకే తగలాలని.

"ఆడ ఏముంటాదక్కా?" అందామె.

"నేనుంటాను. నీళ్ళున్నాయి. మీ ఆయన శుక్రవారం శుక్రవారం ఏడవకుండా ఉంటాడు."

అవతల కిసుక్కున నవ్వు వినిపించింది.

మార్చి ఆఖర్లో లచ్చన్న ఆమెనీ ఇద్దరు పిల్లల్నీ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చాడు. ఆ రోజు గాలి దుమారం. కళ్ళు తెరవలేనంత ఇసక. పికప్ దిగి ట్రంకు పెట్టె మీద కూర్చుని, చుట్టూ చూసి, "ఇదేనా మీ దుబాయి? మా ఊరి గుట్టల్లోనే ఇంతకన్నా పచ్చగుంటాది గదా! నేను లోపలికి రాను పో. బండి తిప్పమను" అని మొగుడి మీద గయ్‌మంది. బాషా నావైపు దిక్కులేనట్టు చూశాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని లేపి, వాళ్ళ క్యాబిన్‌లోకి తీసుకెళ్ళి కుళాయి తిప్పాను. "ముందు మొహం కడుక్కో. తిట్టడానికి ఓపిక కావాలిగా" అన్నాను. మొహం కడుక్కుంది. ఆ సాయంత్రమంతా తిట్టింది. తిడుతూనే పెట్టె సర్దింది, తిడుతూనే చీపురు అడిగింది.

*

ఏప్రిల్ మొదట్లో బస్సు వచ్చింది. మలయాళీ డ్రైవరు హారన్ కొట్టుకుంటూ క్యాబిన్ల ముందుకొచ్చి ఆపి, ఇంత దూరంలో పిల్లలుండటం ఏమిటన్నట్టు కిందికి తొంగి చూశాడు. నిఖిత, ప్రభుకిరణ్, హెప్సీ, బాషా పిల్లలిద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. దయాకుమారి స్తోత్రం అంది. రహమతున్నీసా ఏదో చదివి గాలిలోకి ఊదింది. లచ్చన్న చెయ్యి ఊపుతూ బస్సు వెంట కొంతదూరం పరిగెత్తాడు, అతని పిల్లలెవరూ అందులో లేకపోయినా. బస్సు రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా నేను నిలబడే ఉన్నాను.

మా ఆయన పనికి వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చుని ఉన్నారు. నేను లోపలికి రాగానే, "హైమా, నీకో మాట చెప్పాలి" అన్నారు.

"చెప్పండి."

"పోయిన వారం ముదీర్ పిలిచాడు. అబుదాబి హెడ్ ఆఫీసులో సర్వే చూసే పోస్టు ఖాళీ అయిందట. ఎలెక్ట్రా స్ట్రీట్‌లో ఫ్లాటు ఇస్తారట. స్కూలు నడిచి వెళ్ళేంత దగ్గర. ముగ్గురం కలిసే ఉండొచ్చు."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఎలెక్ట్రా స్ట్రీట్! శుక్రవారం సాయంత్రాలు ఆ వీధిలో ఎంత సందడి. తాజా కరివేపాకు, పక్క ఫ్లాటులో మనుషులు, కిటికీ తెరిస్తే ఇసక కాకుండా దీపాలు. ఒక్క క్షణంలో ఆ ఫ్లాటులో పరదాలు కూడా కట్టేసుకున్నాను. నేను ముసఫ్ఫా వదిలి వచ్చింది ఎందుకు? ముగ్గురం ఒకచోట ఉండాలనే కదా. ఆ కోరిక తీరబోతోంది, పైగా ఉప్పునీళ్ళు లేకుండా.

"ఎప్పుడు చేరాలట?" అన్నాను. నా గొంతులో ఆశ నాకే వినిపించింది.

ఆయన నేలచూపులు చూశారు. "నేను వద్దని చెప్పేశాను."

"ఎప్పుడు?"

"అప్పుడే. పోయిన వారమే."

"నాతో ఒక్క మాటైనా అనకుండానా?" నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్ని నెలలూ వెనక్కి పోదాం, వెనక్కి పోదాం అని నా ప్రాణం తీసిన మనిషి, తీరా వాళ్ళే పిలిచి ఇస్తే వద్దని వస్తారా? నన్ను అడగాలని కూడా తోచలేదా?"

"తోచింది. అడిగితే నువ్వు వెళ్దామంటావేమోనని భయమేసింది." ఆయన తలెత్తి కిటికీలోంచి బయటికి చూశారు. రహమతున్నీసా పిల్లల బట్టలు ఆరేస్తోంది. "మన పిల్ల దిగిపోతే బస్సులో నలుగురే. రేపట్నుంచి బస్సు రాదు. దయాకుమారి పిల్లలు మళ్ళీ ఖోర్ ఫక్కాన్ పోతారు. ఆ రెండో ఆవిడ పెట్టె విప్పి పది రోజులు కూడా కాలేదు. వాళ్ళందర్నీ తెచ్చింది మనం."

మనం అన్నారు. తెచ్చింది నువ్వు అనలేదు.

అడిగి ఉంటే వెళ్దామనే అనేదాన్ని. ముమ్మాటికీ అనేదాన్ని. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఆ కోపంతోనే గిన్నెలన్నీ తోమాను, తోమినవే మళ్ళీ తోమాను. ఆయన కాసేపు చూసి, టోపీ పెట్టుకుని పనిలోకి వెళ్ళారు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు కంచం పెట్టాను గానీ మాట పెట్టలేదు. ఆయన పనికి తిరిగి వెళ్ళకుండా, ఇవాళ్టికి సెలవన్నట్టు గుమ్మంలోనే కూర్చున్నారు.

మూడు దాటాక హారన్ వినపడింది. ఐదుగురూ బస్సు దిగి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళకుండా నేరుగా మా ఇంట్లోకి జొరబడ్డారు. అందరికీ ఆకలే. కొత్త టీచరు గురించి, బస్సులో వాంతి చేసుకున్న హెప్సీ గురించి ఒకేసారి అరుస్తూ కింద వరసగా కూర్చున్నారు. అన్నం వడ్డిస్తూ, ఆయన వైపు చూడకుండానే, "వద్దని గట్టిగానే చెప్పారా, లేకపోతే నసిగారా?" అని అడిగాను.

"గట్టిగానే చెప్పాను."

"మళ్ళీ అడిగితే?"

"మళ్ళీ చెప్తాను."

"మీరొద్దు" అన్నాను, నిఖిత కంచంలో నెయ్యి వేస్తూ. "ఈసారి నేను వెళ్ళి వద్దని చెప్తాను."